ప్రొఫెసర్ ధవన్, పక్షులు, మన పులికాట్

శ్రీహరికోట పేరు తెలియని యానాది పిల్లలు ఉండరు. రాకెట్ లేచే రోజున సూళ్లూరుపేట చుట్టుపక్కల ఊళ్లలో అందరం ఆకాశం వైపే చూస్తాం. ఆ కేంద్రానికి 2002లో సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అని పేరు పెట్టారు. ధవన్ గారు ఇస్రో ఛైర్మన్ అని మన పిల్లలు పోటీ పరీక్షల కోసం బట్టీ పడతారు. ఆయన ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అని, పక్షులంటే ఆయనకు ఎంతో మక్కువ అని మాత్రం చాలామందికి తెలియదు. ఈ సంచికలో ఆ మాటే చెప్పాలనుకున్నాం.

ధవన్ గారు 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో మూడు డిగ్రీలు చదివారు. ఒకటి గణితం, భౌతికశాస్త్రాలలో బీఏ. ఇంకొకటి ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ. మరొకటి మెకానికల్ ఇంజినీరింగ్. లెక్కలు, సాహిత్యం, యంత్రాలు ఈ మూడూ ఒకే మనిషిలో ఇమిడాయి. తర్వాత అమెరికా వెళ్లి 1951లో కాల్‌టెక్‌లో డాక్టరేట్ పొందారు. గాలి ఒక ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేటప్పుడు పుట్టే రాపిడిని నేరుగా కొలవడం ఆయన పరిశోధన. అదే ఏడాది బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. 1962 నుంచి 1981 వరకు ఆ సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. 1972లో ఇస్రో బాధ్యత కూడా తీసుకుని 1984 వరకు మోశారు.

ఇన్ని పనుల మధ్య ఆయన మనసు పక్షుల మీదికి పోయింది. గాలిని జీవితమంతా చదివిన మనిషికి, ఏ కాలేజీకీ పోకుండానే గాలిని వాడుకునే ప్రాణి ముచ్చటగా తోచి ఉంటుంది. ఆయన ఇష్టం చూసి ఆనందించడంతో ఆగలేదు. పక్షి ఎలా ఎగురుతుందో లెక్కలతో, బొమ్మలతో వివరిస్తూ ‘బర్డ్ ఫ్లైట్’ అనే రచన చేశారు. సరదాగా మొదలైన ఆసక్తి తర్వాతివాళ్లు చదువుకునే పుస్తకం అయింది.

ఆ పుస్తకంలోని విషయం మనకు కొత్తది కాదు. పులికాట్ ఒడ్డున నిలబడితే కళ్లముందే కనిపిస్తుంది. ఫ్లెమింగో నీటి మీద కొన్ని అడుగులు పరుగెత్తి గాని పైకి లేవదు. రెక్కలు తన బరువును మోయాలంటే వాటి మీదుగా గాలి వేగంగా పోవాలి, ఆ వేగం కోసమే ఆ పరుగు. నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను ఎండెక్కాక గమనించండి. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుంది, అవి ఆ గాలినే నిచ్చెన చేసుకుంటాయి. కొన్ని పక్షులు బాణపు మొన ఆకారంలో బారు కట్టి పోతాయి. ముందున్న పక్షి రెక్క చివర పక్కన గాలి కొంచెం పైకి లేస్తుంది. వెనక వచ్చే పక్షి ఆ ఊతం అందుకుంటే దానికి శ్రమ తగ్గుతుంది.

ఇక మన సంగతి. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. అంతకు ఎంతో ముందు నుంచీ ఆ దీవి మనవాళ్ల ఇల్లు. ఏ గుంటలో చేప ఉంటుందో, ఏ చెట్టున తేనె దొరుకుతుందో, ఏ వేరు ఏ జబ్బుకు పనికొస్తుందో వాళ్లకు తెలుసు. కేంద్రం కోసం ఆ నేలను తీసుకున్నప్పుడు దీవిలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. మనుషులతోపాటు ఆ తెలివి కూడా చెల్లాచెదురైంది. దేశానికి రాకెట్ కేంద్రం వచ్చింది, అది మనకూ గర్వమే. మనవాళ్లు పోగొట్టుకున్నదాన్ని కూడా చరిత్రలో రాయాలి.

ఆ రాత పని మనం చేయలేదు. మన గురించి 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ తన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో రాశారు. అది బయటివారు చూసి రాసింది. మన తాతలు చూసినది వాళ్ల నోటనే ఉండిపోయింది. ఒక్కో పెద్దమనిషి పోయినప్పుడల్లా అందులో కొంత పోతోంది.

హాస్టళ్లలో మేము తరచూ ఒకటి గమనిస్తుంటాం. ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిన పిల్లలు కొందరు, తాత చేపల వేటకు పోయేవాడని చెప్పడానికి తల దించుకుంటారు. చదువు వేరు, తాత విద్య వేరు అనుకుంటారు. దేశం మెచ్చిన ఇంజినీరింగ్ ప్రొఫెసర్ పక్షి రెక్కను తెలుసుకోవడం తన చదువుకు తక్కువ అనుకోలేదు. మీ తాతకు ఆ నీళ్లూ ఆ పక్షులూ పుట్టుకతో పరిచయం. ఆయన చూపును, ధవన్ గారి లెక్కను ఒకచోట కలపగలిగినవాళ్లు మీరే.

అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఈ సెలవుల్లో ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఒక పక్షి గానీ, చేప గానీ, మూలిక గానీ తీసుకుని దాని గురించి అడగండి. వాళ్లు పిలిచే పేరు వాళ్లు పలికినట్టే రాయండి, పక్కన బొమ్మ వేయండి, తారీఖు వేయండి, చెప్పినవాళ్ల పేరు తప్పకుండా రాయండి. ఫోన్‌లో వాళ్ల గొంతు కూడా రికార్డు చేయండి. ధవన్ గారు 2002 జనవరి 3న కన్నుమూశారు, ఆయన చూసినది పుస్తకంగా మిగిలింది. మీ అవ్వ చూసినది కూడా అలాగే మిగలాలి.