జెండా లేని బాక్సర్

మాది హోసూరు. ఇటు పోతే కర్ణాటక, అటు పోతే ఆంధ్ర, మేముండేది తమిళనాడు. చిత్తూరు వైపు చుట్టాలింటికి పోతే "తమిళోళ్ళు వచ్చినారు" అంటారు. ఇక్కడేమో "మీరు ఆంధ్రావాళ్ళా?" అని అడుగుతారు. అందుకని సరిహద్దు ఊళ్ళో పుట్టినవాళ్ళ కథ ఎక్కడ కనబడినా నేను వదలను. ఈ వ్యాసం అలాంటి ఒకతని గురించి. పేరు బారీ మెక్‌గ్విగన్. ఐర్లండ్ బాక్సర్. అయితే మా సరిహద్దులో బాంబులు పేలవు, తుపాకులు పట్టుకున్న సైనికులు నిలబడరు. కాబట్టి పోలిక ఇంతటితో ఆపేస్తున్నాను.

1921లో ఐర్లండ్ ద్వీపాన్ని రెండు ముక్కలు చేశారు. ఉత్తరాన ఆరు జిల్లాలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. మిగిలింది తర్వాత స్వతంత్ర దేశమైంది. క్లోనిస్ అనే చిన్న ఊరు సరిగ్గా గీత పక్కన, స్వతంత్ర ఐర్లండ్ వైపు పడింది. సంతకు వచ్చే పల్లెల్లో సగం గీతకు అవతల పడిపోతే ఊరి వ్యాపారం ఏమవుతుందో మీరే ఊహించుకోండి. బారీ అక్కడ 1961 ఫిబ్రవరి 28న పుట్టాడు. వాళ్ళ నాన్న పాట్ పాటగాడు. ఆయన 1968లో యూరోవిజన్ పాటల పోటీలో ఐర్లండ్ తరఫున పాడి నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. ఈ పాట సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1969 నుంచి ఉత్తర ఐర్లండ్‌లో గొడవలు ముదిరాయి. ఐర్లండ్ అంతా ఒకటే కావాలనేవాళ్ళలో ఎక్కువమంది కాథలిక్కులు, బ్రిటన్‌తోనే ఉంటామనేవాళ్ళలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ముప్పై ఏళ్ళలో దాదాపు 3,500 మంది చచ్చిపోయారు. సరిహద్దు దాటే చిన్న రోడ్లను బ్రిటిష్ సైన్యం గుంతలు తవ్వి మూసేసింది. 1972 డిసెంబర్ 28న క్లోనిస్‌లోనే కారు బాంబు పేలింది. అప్పుడు బారీకి పదకొండేళ్ళు.

విచిత్రం ఏమంటే, అతను మొదట బాక్సింగ్ నేర్చుకున్న వాటిల్‌బ్రిడ్జ్ క్లబ్బు గీతకు అవతల ఉంది. తర్వాత చేరిన స్మిత్‌బరో క్లబ్బు ఇవతల ఉంది. దేశం రెండైనా అమెచ్యూర్ బాక్సింగ్ సంఘం మాత్రం ద్వీపమంతటికీ ఒకటే. దానివల్ల 1978లో ఎడ్మంటన్ కామన్‌వెల్త్ క్రీడల్లో ఉత్తర ఐర్లండ్ తరఫున బంగారు పతకం గెలిచాడు. రెండేళ్ళకు మాస్కో ఒలింపిక్స్‌లో ఐర్లండ్ తరఫున దిగాడు. ఒకే మనిషి, రెండు జట్లు! దీన్ని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కానీ ఆ రోజుల్లో అది నవ్వులాట కాదు.

1981లో ప్రొఫెషనల్ అయ్యాడు. మేనేజర్ బెల్‌ఫాస్ట్‌కి చెందిన బార్నీ ఈస్ట్‌వుడ్. బరువు 57 కిలోలు, అంటే ఫెదర్‌వెయిట్. అదే సంవత్సరం బారీ పెళ్ళి చేసుకున్నాడు. అతను కాథలిక్కు, భార్య సాండ్రా ప్రొటెస్టెంటు. వాళ్ళ ప్రాంతంలో అప్పుడు అది చిన్న విషయం కాదని వేరే చెప్పక్కరలేదు.

1982 జూన్ 14న జరిగినదాన్ని రాయకుండా దాటిపోవచ్చు. చాలామంది గెలిచిన పోటీల లెక్క చెప్పి దీన్ని ఒక్క లైనులో తేల్చేస్తారు. ఆ రాత్రి లండన్‌లో అతని ఎదురుగా నిలబడింది నైజీరియా కుర్రాడు యంగ్ ఆలీ. ఆరో రౌండులో దెబ్బ తగిలి పడిపోయాడు, కోమాలోకి పోయాడు, నెలల తరబడి స్పృహ రాలేదు. డిసెంబర్‌లో చనిపోయాడు. మెక్‌గ్విగన్ ఏ తప్పూ చేయలేదు, రూలు ప్రకారమే కొట్టాడు. అయినా మానేద్దామనుకున్నాడు. మానలేదు. నేను రెండుమూడు రోజులు దీని గురించే ఆలోచించాను. మానేసి ఉంటే మంచివాడయ్యేవాడా? చేతనైన పని అదొక్కటే అయినప్పుడు మానడం అంత సులువా? నాకు జవాబు దొరకలేదు. ఒకటి మాత్రం నిజం, మూడేళ్ళ తర్వాత ప్రపంచ టైటిల్ గెలిచిన రాత్రి ఆ గెలుపును యంగ్ ఆలీకే అంకితం ఇచ్చాడు, ఏడుస్తూ.

అదే సంవత్సరం నవంబర్‌లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఇంకో ఘోరం జరిగింది. సీజర్స్ ప్యాలెస్ అనే హోటల్ ఆవరణలో రే మాన్సినీతో పోరాడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ ప్రాణం పోగొట్టుకున్నాడు. దాంతో వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కి తగ్గించింది. ఇంకో పెద్ద సంస్థ వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ మాత్రం అప్పుడే తగ్గించలేదు. ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇక జెండా సంగతి. బ్రిటిష్ టైటిల్‌కి పోటీ పడాలంటే బ్రిటిష్ పౌరుడై ఉండాలి. మెక్‌గ్విగన్ పౌరసత్వం తీసుకున్నాడు, 1983లో టైటిల్ గెలిచాడు. ఐర్లండ్ వైపు కొందరికి ఒళ్ళు మండింది, అమ్ముడుపోయాడన్నారు. అతనేమో రింగులోకి ఐర్లండ్ మూడు రంగుల జెండా తేలేదు, బ్రిటన్ జెండా కూడా తేలేదు. ఐక్యరాజ్య సమితి నీలం జెండా పెట్టుకున్నాడు. నిక్కరు మీద శాంతి పావురం. మొహం మీద గుద్దే ఆటలో శాంతి పావురం ఏమిట్రా అని మా అన్న ఎగతాళి చేశాడు. అదీ నిజమే. కానీ జెండా చూసి మనిషిని కాల్చే చోట ఏ జెండా పట్టుకోకపోవడం కూడా ఒక మాటే కదా.

జాతీయ గీతం సమస్య ఇంకా పెద్దది. ఏ గీతం వాయించినా సగంమంది లేచి నిలబడరు, పైగా కేకలు వేస్తారు. అప్పుడు వాళ్ళ నాన్న పాట్ రింగులోకి వచ్చి "డానీ బాయ్" పాడేవాడు. ఆ పాట బాణీ ఐర్లండ్‌ది, మాటలు రాసింది ఇంగ్లీషు లాయరు వెదర్లీ. రెండు వైపులవాళ్ళూ తమదే అనుకునే పాట అది. బెల్‌ఫాస్ట్‌లోని కింగ్స్ హాల్‌లో రెండు వైపుల మనుషులూ పక్కపక్కన కూర్చుని దాన్ని కలిసి పాడేవాళ్ళు. కొట్టుకోవడం మెక్‌గ్విగన్‌కి వదిలేద్దాం అనే మాట అప్పుడే పుట్టింది.

1985 జూన్ 8. లండన్‌లోని లోఫ్టస్ రోడ్ ఫుట్‌బాల్ మైదానం. 25 వేలకు పైగా జనం. ఎదురుగా పనామాకి చెందిన యూసేబియో పెడ్రోజా. 1978 నుంచి చాంపియన్, 19 సార్లు టైటిల్ కాపాడుకున్నవాడు. నాన్న పాట అయింది, గంట కొట్టారు. మొదట్లో పెడ్రోజా దూరంగా ఉండి పొడవు చేతులతో ఆడించాడు. మెక్‌గ్విగన్ వెనక్కి తగ్గకుండా మీద మీదకి పోతూ పక్కటెముకల మీద కొట్టాడు. అతని ఎడమచేతి దెబ్బలన్నీ అక్కడికే. ఏడో రౌండులో పెడ్రోజా కింద పడ్డాడు. లేచాడు, 15 రౌండ్లూ నిలబడ్డాడు, కానీ ముగ్గురు జడ్జీలూ మెక్‌గ్విగన్‌కే ఇచ్చారు. తిరిగి వస్తే బెల్‌ఫాస్ట్‌లోనూ డబ్లిన్‌లోనూ వీధుల నిండా జనం. రెండు దేశాల రెండు నగరాలు ఒకే మనిషిని ఊరేగించాయి. అలాగని గొడవలు ఆగిపోలేదు. శాంతి ఒప్పందం కుదిరింది 1998లో.

సంవత్సరం తర్వాత, 1986 జూన్ 23న, లాస్ వేగాస్‌లోని అదే సీజర్స్ ప్యాలెస్ ఆవరణకు అతను వెళ్ళాడు. ఆరుబయట రింగు, 40 డిగ్రీలు దాటిన వేడి. చల్లటి దేశం మనిషి. ఎదుటివాడు టెక్సస్ కుర్రాడు స్టీవ్ క్రూజ్, ప్లంబర్ దగ్గర పనిచేసేవాడు, వేరొకడు తప్పుకుంటే బదులుగా వచ్చినవాడు. తేలిగ్గా అయిపోతుందనుకున్నారు. పదో రౌండులో మెక్‌గ్విగన్ పడ్డాడు, లేచాడు. చివరి రౌండులో రెండుసార్లు పడ్డాడు. టైటిల్ పోయింది, ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. 1982లోనే అన్ని సంస్థలూ రౌండ్లు తగ్గించి ఉంటే ఆ 15వ రౌండు ఉండేదే కాదు. నాకు ఓడిపోయినందుకు కాదు, ఇందుకు కోపం వచ్చింది. తర్వాత ఆ సంస్థ కూడా 12కి తగ్గించింది.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. ఈస్ట్‌వుడ్‌తో గొడవపడి విడిపోయాడు. 1988లో తిరిగి వచ్చి మూడు గెలిచాడు, 1989లో జిమ్ మెక్‌డానెల్‌తో ఓడి రిటైరయ్యాడు. మొత్తం 35 పోటీలు, 32 గెలుపులు, 3 ఓటములు. 2005లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. చాలా ఏళ్ళకు అతనే మేనేజరై బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంటు పేటలో పుట్టిన కార్ల్ ఫ్రాంప్టన్‌ని ప్రపంచ చాంపియన్ చేశాడు. చివరికి వాళ్ళిద్దరూ కూడా కోర్టుకెక్కారు, అది వేరే కథ.

వాళ్ళ నాన్న పాట్ 1987లో చనిపోయాడు. 1988లో మెక్‌గ్విగన్ మళ్ళీ రింగులోకి వచ్చినప్పుడు పాడడానికి ఆయన లేడు.