పాటల కాగితాల్లో దాగిన రహస్యం

మా చిన్నది ఏడో తరగతి. "చరిత్రలో మీకు నచ్చిన ధైర్యవంతుల గురించి కథ రాసుకురండి" అన్నారట స్కూల్లో. లైబ్రరీ పుస్తకంలో జోసెఫిన్ బేకర్ బొమ్మ చూసి ముచ్చటపడి, ఆవిడ మీదే రెండు పేజీలు రాసేసింది. నేను చపాతీలు కాలుస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని చదివి వినిపించింది. కథలో జోసెఫిన్ పిస్తోలు పట్టుకుని నలుగురు సైనికుల్ని కాల్చి, గోడ దూకి పారిపోయింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు తలెత్తి, "డాన్సులు చేసుకునే ఆవిడకి ఈ కాల్పులెందుకే?" అన్నారు.

"కథే కదా నానమ్మా, ఏదైనా రాయొచ్చు" అంది ఇది.

నాకది మింగుడుపడలేదు. ఆ రాత్రి పనంతా అయ్యాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నాకు తెలిసిన అసలు సంగతి చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

జోసెఫిన్ 1906లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. నల్లజాతి కుటుంబం, కటిక పేదరికం. ఎనిమిదేళ్ళకే తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి కుదిరింది. ఆమెకు 11 ఏళ్ళప్పుడు, 1917లో, నదికి అవతల ఉన్న ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లవాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు, ఎంతోమందిని చంపారు. ఆ భయం ఆమె మనసులోంచి జీవితాంతం పోలేదు. 19 ఏళ్ళకి పారిస్ వెళ్ళి నాట్యం చేస్తే ఆ ఊరు ఊరంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. 1937లో ఆమె ఫ్రాన్సు పౌరురాలయింది.

1939లో యుద్ధం వచ్చింది. జాక్ అబ్తే అనే ఫ్రెంచి గూఢచారి అధికారి ఆమె సాయం కోరి వచ్చాడు. మొదట ఆయనకే నమ్మకం కుదరలేదట. స్టేజీ మీద ఆడే మనిషి రహస్యం కడుపులో దాచుకుంటుందా అని. అంతకుముందు యుద్ధంలో మాతా హరి అనే నర్తకిని గూఢచారి అని 1917లో ఫ్రాన్సే కాల్చి చంపింది. ఆ నీడ ఇంకా పోలేదు. చూశారా, అత్తయ్యగారికి వచ్చిన అనుమానమే ఆ అధికారికీ వచ్చింది!

కానీ జోసెఫిన్ బలం సరిగ్గా అక్కడే ఉంది. రాయబార కార్యాలయాల విందులకు ఆమెను పిలిచేవారు. ఈవిడకేం తెలుసులే అని ఆమె ముందే అన్నీ మాట్లాడుకునేవారు. ఆమె నవ్వుతూ వినేది, విన్నది చేరవేసేది. మన ఇళ్ళల్లో పోపుల డబ్బాలో డబ్బు దాచుకున్నట్టే. ఆవాల కింద నోట్లు ఉంటాయని దొంగకు తట్టదు కదా!

1940 జూన్‌లో జర్మన్లు పారిస్‌ను పట్టుకున్నారు. వాళ్ళ ముందు ఆడనని ఆమె పారిస్ వదిలి పల్లెలో ఉన్న తన కోటకు వెళ్ళిపోయింది. ఆ ఏడాది చివర్లో స్పెయిన్ మీదుగా పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి ప్రయాణం కట్టింది. అబ్తే దొంగ పాస్‌పోర్టుతో ఆమె బృందంలో మనిషిలా వెంట వచ్చాడు. శత్రువుల సమాచారమంతా పాటల స్వరాలు రాసుకున్న కాగితాల మీదే, కంటికి కనిపించని సిరాతో ఉంది. ఇంకోసారి చీటీలు లోబట్టలకు పిన్నుతో గుచ్చుకుని తీసుకెళ్ళింది. అంత పేరున్న ఆడమనిషిని అక్కడ ఎవరు వెతుకుతారన్నది ఆమె ధీమా. దొరికిపోయి ఉంటే ప్రాణం దక్కేది కాదు.

"భయం వెయ్యలేదా అమ్మా?" అంది మా చిన్నది.

వేసే ఉంటుంది. పిల్లల కథల్లో మనం తరచూ ఎగరగొట్టేసేది ఆ భయాన్నే. ఇంకొకటి కూడా ఎగరగొడతాం, మంచాన పడిన రోజుల్ని. 1941లో మొరాకోలోని కాసాబ్లాంకాలో ఆమెకు కడుపులో ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆపరేషన్ మీద ఆపరేషన్, 19 నెలలు ఆసుపత్రిలోనే. చనిపోయిందని పత్రికలు రాసేశాయి కూడా. ఇక పిల్లలు పుట్టే ఆశ లేకపోయింది. అయినా లేచి, సైనికుల శిబిరాలు తిరుగుతూ పాడింది. యుద్ధం అయ్యాక రకరకాల దేశాల పిల్లల్ని 12 మందిని పెంచుకుంది. ఆ సంసారం ఈదలేక అప్పులపాలై, చివరికి ఆ కోటే పోగొట్టుకుంది. అదీ చెప్పాను పిల్లకి, దాచలేదు.

1963లో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్ సభలో ఆమె తన ఫ్రెంచి సైనిక దుస్తులు వేసుకుని, పతకాలు పెట్టుకుని మాట్లాడింది. 1975లో కన్నుమూసింది. 2021 నవంబరు 30న ఫ్రాన్సు తన మహనీయులకిచ్చే పాంథియాన్ గౌరవం ఆమెకిచ్చింది. నల్లజాతి స్త్రీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మా చిన్నది కథ మళ్ళీ రాసింది. కల్పన వద్దని నేననలేదు. రైల్లో పక్కన కూర్చున్న పాప, బిగుసుకుపోయిన పెట్టె తాళం, చలికి ఎర్రబడ్డ అధికారి ముక్కు, ఇవన్నీ దాని ఊహే. మనిషి చేసిన పని మాత్రం మార్చకూడదన్నాను, అంతే. పిస్తోలు తీసేసింది. ఇప్పుడు కథలో అధికారి పెట్టె తెరిచి పాటల కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతుంటాడు. జోసెఫిన్ నవ్వుతూనే ఉంటుంది, కోటు జేబులో ఆమె చెయ్యి మాత్రం వణుకుతుంటుంది.

అత్తయ్యగారు ఈసారి చిక్కుడుకాయలు పక్కన పెట్టి విన్నారు. "తర్వాత? కాగితాలు ఇచ్చేశాడా?" అని అడిగారు.