మొక్కలు నాటే పనిలో వికలాంగుల భాగస్వామ్యం: చట్టం, అనుభవం, ఆచరణ

ఆత్మకూరు వనపర్తి జిల్లాలో కృష్ణా నదికి దగ్గరలో ఉన్న పాత సంస్థానం ఊరు. దగ్గర్లోనే 1995లో ప్రారంభమైన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు, ఆరు యూనిట్లతో 234 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉన్నాయి. అయినా పాలమూరు అంటే కరువు, వలసలే చాలామందికి గుర్తుకొస్తాయి. ఇలాంటి చోట చెట్టు, చెరువు, నీటి గుంట బతుకుతెరువుకు సంబంధించిన విషయాలు. అందుకే వానాకాలం రాగానే బడుల్లో, కాలేజీల్లో, మసీదు కమిటీల్లో మొక్కల మాట మొదలవుతుంది. ఆ పనిలో ఊళ్లోని వికలాంగులు ఎక్కడున్నారు అన్న ప్రశ్న మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. అంటే జనాభాలో 2.21 శాతం. ప్రతి బస్తీలో, ప్రతి ఖాందాన్‌లో ఒకరో ఇద్దరో ఉంటారు. "ఎండలో నీకెందుకులే, ఇంట్లో కూర్చో" అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట వింటూ పెరిగిన పిల్లవాడికి స్నేహితులు తగ్గుతారు, పని నేర్చుకునే అవకాశం పోతుంది. "నా వల్ల కాదు" అనే అలవాటు మిగులుతుంది.

చట్టం ఏం చెబుతోంది

1995 నాటి చట్టం స్థానంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాల సంఖ్య ఏడు నుంచి 21కి పెరిగింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించాలి. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే బడులు వికలాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ఆటపాటల్లోనూ అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలి. బడిలో మొక్కలు నాటే రోజున ఒక పిల్లవాడిని క్లాసురూములో కూర్చోబెట్టడం ఈ స్ఫూర్తికి విరుద్ధం.

పనిచేస్తూ నేర్చుకునే దారి

కాలేజీ పిల్లలకు ఇందుకు పాత వేదిక జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబర్ 24న మొదలైంది. వలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. బడి పిల్లలకు 2001-02లో మొదలైన జాతీయ హరిత దళం ఉంది. 2015 జులైలో మొదలైన హరితహారంతో మొక్కలు నాటడం తెలంగాణలో ఊరూరి పని అయింది.

ఎన్ఎస్ఎస్ నినాదం "నేను కాదు, నువ్వు". ప్రపంచ వికలాంగుల ఉద్యమం మాట "మేము లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు". రెండూ కలిపి చూస్తే పని పద్ధతి అర్థమవుతుంది. వికలాంగుల కోసం ఏదో చేసిపెట్టి ఫొటో దిగడం సరిపోదు. ప్లాన్ వేసే రోజే వాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

ఉపాధి పనుల పాఠం

ఇది కొత్త ఆలోచన కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లోనే ఉమ్మడి మహబూబ్‌నగర్ ఉంది. ఆ పథకం కింద తెలుగు ప్రాంతాల్లో వికలాంగుల శ్రమశక్తి సంఘాలు విడిగా ఏర్పడ్డాయి. కూలి తగ్గించకుండా, పని కొలతల్లో సడలింపు ఇచ్చారు. మొక్కలకు నీళ్లు పట్టడం, పనిచోట తాగునీళ్లు అందించడం, చిన్నపిల్లలను చూసుకోవడం, మేట్‌గా లెక్క రాయడం వంటివి ఎవరి శరీరానికి తగ్గట్టు వారికి ఇవ్వవచ్చని మార్గదర్శకాలు చెప్పాయి. పని దొరికినవాళ్లు దయ కోసం చూడలేదు, కూలి తీసుకున్నారు.

ఆచరణలో ఎలా

మొదట కొలత. ర్యాంపు వాలు 1:12 ఉండాలన్నది ప్రమాణం. ఆరు అంగుళాల మెట్లు రెండు ఉంటే ఎత్తు ఒక అడుగు, ర్యాంపు పొడవు 12 అడుగులు కావాలి. వెడల్పు కనీసం నాలుగు అడుగులు. పిల్లలు టేపు పట్టి బడి గేటు, పంచాయతీ ఆఫీసు, మసీదు వజూఖానా కొలిస్తే ఎక్కడ తేడా ఉందో వాళ్లకే తెలుస్తుంది. ఈ ఖర్చు ఎస్టిమేట్‌లో మొదట్లోనే రాయాలి. కట్టాక పగలగొట్టి పెట్టడం ఎప్పుడూ ఖరీదే.

తర్వాత చోటు. నడిచే దారి మధ్యలో మొక్క నాటితే రేపు చేతికర్రతో నడిచే అంధుడికి, వీల్‌చైర్‌కు అదే అడ్డు. ఈద్గా, ఖబరస్తాన్, బడి ఆవరణ ఏదైనా ముందు దారి వదిలి, ఆ తర్వాత గుంతలు తీయాలి. వజూ నీళ్లను కాలువ తీసి చెట్లకు మళ్లిస్తే నీళ్లు వృథా కావు. ఆ కాలువ మీద పలక వేయడం మరవొద్దు.

ఇక పని పంపకం. కంటిచూపు లేనివారికి గుంతల వరుస వెంట తాడు కట్టి, ఒక్కో గుంత దగ్గర ముడి వేస్తే సొంతంగా నీళ్లు పోయగలరు. చెవులు వినపడనివారికి అరిచి చెప్పడం కాదు, ఎదురుగా వచ్చి చేత్తో చూపాలి. వీల్‌చైర్‌లో ఉన్నవారికి నర్సరీ సంచులు నింపే పని బల్ల మీద పెట్టవచ్చు. మానసిక ఎదుగుదల తక్కువ ఉన్న పిల్లలకు రోజూ ఒకే పని, బొమ్మల చార్టుతో ఇస్తే బాగా కుదురుతుంది.

తడి, పొడి చెత్త డబ్బాలకు రంగు ఒక్కటే గుర్తుగా పెడితే చూపు లేనివారికి తెలియదు. ఒకదాని మూత మీద గరుకు పట్టీ అంటిస్తే చాలు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలపై నిషేధం ఉంది. చేతులు వణికేవారికి స్ట్రా అవసరమే. కడిగి మళ్లీ వాడే స్టీలు స్ట్రా ఇంట్లో, హోటల్లో ఒకటి ఉంచితే రెండు అవసరాలూ తీరతాయి.

శిబిరంలో ఇంటింటికీ వెళ్లినప్పుడు వైకల్య ధ్రువీకరణ పత్రం, యూడీఐడీ కార్డు లేనివారి జాబితా కూడా రాయవచ్చు. చాలా కుటుంబాలకు పింఛను, స్కాలర్‌షిప్ ఆగేది ఈ కాగితం దగ్గరే.

ఏడాది తర్వాత చూడాల్సిన లెక్కలు రెండు. నాటిన వాటిలో ఎన్ని మొక్కలు బతికాయి? మొదటి రోజు వచ్చిన వికలాంగుల్లో ఎంతమంది ఇంకా పనిలో ఉన్నారు? మొక్కల లెక్క చాలాచోట్ల రాస్తున్నారు. అదే రిజిస్టర్‌లో రెండో లెక్కకూ ఒక కాలమ్ గీయాలి.