చిత్రాంగి కంటే ముందే

ఆలమూరు మండలం జొన్నాడ దగ్గర హైవే ఎక్కి ఉత్తరానికి పోతే రాజమండ్రి. అక్కడి సారంగధర మెట్ట చూపించి, పావురం కోసం సవతితల్లి చిత్రాంగి మేడకెళ్ళిన రాకుమారుడు సారంగధరుడికి కాళ్ళూ చేతులూ నరికించింది ఇక్కడేనంటారు. ఈ వైపు ఊళ్ళలో గుడికెళ్ళే ఇంట సారంగధరుడు, చర్చికెళ్ళే ఇంట యోసేపు ఎరిగినవాళ్ళే. ఇద్దరి మీదా పడ్డ నింద ఒకటే: ఇంటి ఆడదాన్ని చెరచబోయారని.

ఆ నింద ఈజిప్టులో ఇంకా ముందే రాతకెక్కింది. సుమారు 3,200 ఏళ్ళ కిందట, రెండో సేతి ఏలుబడిలో, ఎన్నానా అనే లేఖకుడు పపైరస్ మీద రాసిన అన్నదమ్ముల కథ అది. 1857లో ఆ పపైరస్‌ను బ్రిటిష్ మ్యూజియం కొంది. అన్న అనూబిస్, తమ్ముడు బాటా. పొలంలో విత్తనాలు అయిపోతే తమ్ముడు ఇంటికొస్తాడు. వదిన జడ అల్లించుకుంటోంది. అయిదు బస్తాల గింజలు భుజానికెత్తుకున్న మరిదిని చూసి మనసు పడుతుంది. అతను కాదనేసరికి, చెరచబోయి కొట్టాడన్నట్టు నటించి, దీపం పెట్టకుండా పడుకుంటుంది. అన్న బల్లెం పట్టుకుని కొట్టం తలుపు చాటున నిలబడతాడు. ముందు నడిచే ఆవు హెచ్చరిస్తే, బాటా వంగి తలుపు కింద అన్న పాదాలు చూసి పరుగందుకుంటాడు. దేవుడు ఇద్దరి మధ్యా మొసళ్ళతో నిండిన నీళ్ళు పారిస్తాడు.

ఆదికాండము 39వ అధ్యాయంలో మాట్లాడే ఆవు లేదు, మొసళ్ళు లేవు. యజమాని పోతీఫరు భార్య చేతిలో మిగిలిన యోసేపు వస్త్రమే సాక్ష్యం. యోసేపుకు చెర. ఈజిప్టు రాత పాతది కాబట్టి బైబిలు అక్కణ్ణించే ఎత్తుకుందని తేల్చేయడం తొందరపాటు. గ్రీకుల హిప్పొలిటస్ కూడా ఈ నిందే మోశాడు. జానపద పరిశోధకులు దీనికి పోతీఫరు భార్య పేరే పెట్టి కె2111 అని నంబరు వేసుకున్నారు.

మన కథకు రాజమండ్రి చిరునామా కూడా తర్వాత వచ్చిందే. 15వ శతాబ్దపు గౌరన 'నవనాథ చరిత్ర'లో సారంగధరుడు మాళవరాజు కొడుకు. మీననాథుడి దయతో అవయవాలు తిరిగొచ్చి చౌరంగి అనే సిద్ధుడవుతాడు. తర్వాతి కావ్యాలూ నాటకాలూ కథను రాజమండ్రి ఏలిన రాజరాజనరేంద్రుడి ఇంటికి చేర్చాయి. పాపం, చరిత్రకు తెలిసిన ఆయన కొడుకు రాజేంద్రుడు నిక్షేపంగా బతికి, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు.

నన్నడిగితే, మనవాళ్ళు కలిపిన అసలు సరుకు వేరే ఉంది. ఈజిప్టు కథలో వదినను చంపి కుక్కలకు వేస్తారు. బైబిల్లో పోతీఫరు భార్య మళ్ళీ కనిపించదు, ఆమెకు పేరైనా లేదు. తెలుగు నాటకం మాత్రం చిత్రాంగికి ఒక ఫిర్యాదు ఇచ్చింది: చూపించింది కొడుకు చిత్రపటం, కట్టబెట్టింది తండ్రికి. 1957 సినిమాలో ఎన్టీఆర్ సారంగధరుడైతే, ఆ ఫిర్యాదు మోసింది భానుమతి.