ఇరుసు క్రింది లాంతరు

చీరాలనుండి రమారమి నాలుగు మైళ్ళు సాగి సముద్రపుటొడ్డున ఆగిపోవు వాడరేవు రోడ్డున ఒకప్పుడు దారి యెఱిగినవి ఎద్దులే. బండివాడు నొగలో కూర్చుండి కునుకుతీసినను, ఇరుసు క్రింద ఊగులాడు లాంతరు వెలుగున అవి ఇల్లు చేరెడివి. తోలువానికి పరీక్ష పెట్టవలెనన్న ఊహ ఆనాడెవ్వరికిని తోచియుండదు.

మోటారు వచ్చిన పిమ్మట, యంత్రమునకు దారి తెలియదు గనుక, మనుష్యుని యోగ్యతను విచారింపవలసివచ్చెను. 1914 నాటి భారత మోటారు వాహనముల చట్టము 18 ఏండ్లు నిండనివాడు బహిరంగస్థలమున మోటారు నడుపరాదని శాసించెను. 1903లోనే లైసెన్సు విధించిన ఇంగ్లండు సైతము క్రొత్తవారికి పరీక్షను 1935లో గాని నిర్బంధము చేయలేదు. కాగితమునకును నైపుణ్యమునకును నడుమ ముప్పదేండ్లకు మించిన ఎడము! మనకు 1939లో నొకటి, 1988లో మఱియొకటి చట్టములు వచ్చినవి.

1989 నాటి నియమావళిలో నాకు ముచ్చట గొలుపునది కంటిచూపు ప్రశ్న: మంచి పగటివెలుగులో 25 మీటర్లనుండి మోటారు నంబరుపలకను పోల్చగలవా? నేర్చుకొనువాడు తొలి లైసెన్సు పుచ్చుకొని 30 దినములు ఆగిన పిదప పరీక్షకు పోయి, మోటారుసైకిలుపై 8 అంకె చుట్టును కాలు నేల మోపక తిరిగి చూపవలెను.

అయితే కార్తీక పౌర్ణమికి సముద్రస్నానమునకై వేకువకు ముందే వాడరేవునకు బయలుదేరినవానికి, వెనుక దీపము లేని ట్రాక్టరొకటి మిరపబస్తాలతో చీకటిలో కలిసిపోయి ముందు పోవుచుండును. ఆ 25 మీటర్లు పగటివి.