నడవలేని వారికి కృత్రిమ కాలు ఎందుకు? కాస్మెటిక్ లెగ్ గురించి ఈ విషయాలు తెలుసా?

కృత్రిమ కాలు అనగానే గుర్తొచ్చేది జైపూర్ ఫుట్. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి దాన్ని రూపొందించారు. అది నడవడానికి. మరి ఇక ఎప్పటికీ నడవలేని వారి సంగతేంటి? వారి కోసమే కాస్మెటిక్ లెగ్.

షుగర్ వల్ల తొడ దాకా కాలు తీసేసిన పెద్దవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవారు, వీల్‌చైర్‌కే పరిమితమైనవారు దీన్ని వాడొచ్చు. లోపల తేలికైన పైపు, దానిపై రెండో కాలి కొలతకు చెక్కిన ఫోమ్, పైన చర్మం రంగు తొడుగు ఉంటాయి. సిలికాన్ రకాల్లో గోళ్లు కూడా కనిపిస్తాయి. ప్యాంటు, చీర కుదురుగా ఉంటాయి. చెప్పులు జతగా వేసుకోవచ్చు. పెళ్లిలో కూర్చున్నా అందరి చూపూ కాలి మీదకు పోదు.

అయితే ఖర్చు దగ్గరే చిక్కు. అమెరికాలో మెడికేర్ బీమా రోగులను కె-0 నుంచి కె-4 వరకు విభజిస్తుంది. నడిచే అవకాశం లేని కె-0 వారికి కాలు పెట్టినా జీవన నాణ్యత పెరగదన్నది ఆ నిర్వచనం. అందుకే డబ్బు ఇవ్వదు. వాడేవారి మాట మాత్రం వేరుగా ఉండొచ్చు.

జాగ్రత్తలూ ముఖ్యమే. దీనిపై బరువు వేసి నిలబడొద్దు. గాయం మాని, వాపు తగ్గాకే కొలతలు ఇవ్వాలి. షుగర్ ఉంటే స్పర్శ సరిగా తెలియదు కాబట్టి రోజూ తీసి చర్మం చూసుకోవాలి. ఎర్రబడినా, పుండు పడినా వాడకం ఆపి డాక్టర్‌ను కలవాలి. ‘నడవడానికి కాదు, కూర్చోవడానికే’ అని తయారీదారుకు ముందే చెబితే తేలికైనది చేసిస్తారు.