ఉద్యోగం పోతే పోయేది జీతమేనా?

2023 మొదట్లో నా ఉద్యోగం పోయింది. ఏ కంపెనీ అన్నది అనవసరం లెండి. పదిహేను నిమిషాల వీడియో కాల్, ఆ తర్వాత లాప్‌టాప్‌లో లాగిన్ పనిచెయ్యలేదు, అంతే. మూడు నెలల జీతం చేతిలో పెట్టారు. నాకు పెళ్ళి కాలేదు, ఇంటి అప్పూ లేదు. అందుకని పెద్ద దిగులేం పడలేదు. పైగా, కొని పడేసిన పుస్తకాలన్నీ ఇక చదివెయ్యొచ్చని సంబరపడ్డా. నాలుగు నెలల్లో ఎన్ని చదివానంటారు? ఒకటి. అదీ సగం :)

బోలెడు తీరిక ఉండీ ఎందుకిలా అని అక్కడా ఇక్కడా వెతుకుతుంటే మారీ యహోడా అనే ఆవిడ గురించి తెలిసింది. పనికీ మనసుకీ ఉన్న సంబంధం మీద జీవితమంతా ఆలోచించిన మనిషి. నా పుస్తకాల సంగతి ఈవిడకి తొంభై ఏళ్ళ క్రితమే తెలుసు!

యహోడా 1907లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. ఆవిడా, అప్పటి భర్త పాల్ లాజర్స్‌ఫెల్డ్, మిత్రుడు హాన్స్ జైజెల్, అందరూ కుర్రాళ్ళే, జనం తీరిక వేళల్లో ఏం చేస్తారో పరిశోధిద్దాం అనుకున్నారు. సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఒట్టో బావర్ అది విని చీవాట్లు పెట్టాడు. దేశంలో ఇంతమందికి పని లేకపోతే తీరిక మీద పరిశోధనేంటి, నిరుద్యోగం మీద చెయ్యండి అన్నాడు. అలా 1931 చివర్లో వియన్నా దగ్గరున్న మరియెన్‌తాల్ అనే పల్లెకి వెళ్ళారు. 478 కుటుంబాలు. ఊరంతటికీ ఆధారం ఒక్క బట్టల మిల్లు. అది 1929-30లలో మూతపడింది. ప్రతి నాలుగు ఇళ్ళలో మూడింట ఒక్కరికి కూడా పని లేదు.

వీళ్ళు పెట్టుకున్న నియమం నాకు బాగా నచ్చింది. ఊరికే చూసి రాసుకుపోవడానికి ఎవరూ వెళ్ళకూడదు, ఊరికి ఏదో ఒకటి చెయ్యాలి. అందుకే బట్టలు పంచారు, డాక్టర్ని తీసుకెళ్ళారు, కుట్టుపని నేర్పారు. అలా మసలుతూనే లెక్కలు రాసుకున్నారు.

ఏం తేలిందంటే... లైబ్రరీలో పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నా, 1929 నుంచి 1931కి తీసుకెళ్ళేవి దాదాపు సగానికి పడిపోయాయి. నాలాగే! వీధిలో నడిచేవాళ్ళని ఎవరికీ తెలీకుండా గడియారం పెట్టి చూశారు. మగవాళ్ళు నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ నడుస్తున్నారు. ఆడవాళ్ళు చకచకా వెళ్ళిపోతున్నారు. ఎందుకంటే మిల్లు పని పోయినా వాళ్ళకి ఇంటిపని పోలేదు. (మా ఇంట్లో కూడా ఆ నాలుగు నెలలూ గడియారం ప్రకారం నడిచింది అమ్మ ఒక్కతే.) పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఏం చేశారని అడిగితే మగవాళ్ళకి సరిగ్గా చెప్పడమే రాలేదు. కడుపు కాలితే జనం తిరగబడతారని చాలామంది అనుకునేవాళ్ళు. మరియెన్‌తాల్‌లో ఎక్కువమంది ఊరికే నీరసించిపోయారు.

ఈ పుస్తకం 1933లో వచ్చింది. యూదుల పేర్లని, రచయితల పేర్లు ముఖపత్రం మీద వెయ్యలేదు. సోషలిస్టుల రహస్యోద్యమంలో ఉన్నందుకు 1936లో యహోడాని అరెస్టు చేశారు. 1937లో, దేశం వదిలిపోవాలన్న షరతు మీద వదిలారు. అలా బ్రిటన్ చేరి, వేల్స్‌లో నిరుద్యోగ గని కార్మికుల కోసం నడుస్తున్న ఒక సహాయ పథకాన్ని పరిశీలించింది. అందులో లోపాలు రాసి నిర్వాహకుడికి చూపిస్తే ఆయన బాగా నొచ్చుకున్నాడు. మంచి మనిషిని బాధపెట్టడం ఇష్టంలేక ఆవిడ దాన్ని పక్కన పడేసింది. అది 1987లో గానీ అచ్చు కాలేదు! 1945లో అమెరికా వెళ్ళి న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యింది. 1958లో మళ్ళీ ఇంగ్లండు, బ్రూనెల్‌లో పాఠాలు. 1965లో ససెక్స్‌లో ప్రొఫెసర్. మరియెన్‌తాల్ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చేసరికి 1971. ఊరూ, భాషా మారుతూ ఎన్నిసార్లు మొదట్నించి మొదలుపెట్టిందో చూడండి.

తన డెబ్భై అయిదో ఏట, 1982లో, ఉద్యోగం మీదా నిరుద్యోగం మీదా ఒక పుస్తకం రాసింది. ఉద్యోగం మనకి జీతం కాక మరో అయిదు ఇస్తుందంటుంది: రోజుకొక క్రమం, ఇంటి బయట మనుషులు, నలుగురితో కలిసి ఏదో సాధిస్తున్నామన్న భావం, సమాజంలో ఒక గుర్తింపు, తప్పనిసరిగా చెయ్యాల్సిన పని. వీటికోసమని ఎవరూ ఉద్యోగంలో చేరరు. పోయాకే తెలుస్తాయి. అలాగని ఎలాంటి ఉద్యోగమైనా గొప్పదేనని ఆవిడ అనలేదు. పని మనిషికి తగ్గట్టుగా లేకపోతే బాగుచెయ్యాల్సింది పనినేనని ఆవిడ వాదన.

నాకు జ్ఞానోదయం అయ్యింది అక్కడే. పొద్దున పదింటి స్టాండప్‌ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! కానీ నేను తొమ్మిదింటికల్లా స్నానం చేసేది దానివల్లే. స్నేహితులందరూ ఆఫీసు చాట్‌లోనే ఉండేవాళ్ళు, లాగిన్‌తో పాటు వాళ్ళూ పోయారు. పెళ్ళిళ్ళలో "ఎక్కడ చేస్తున్నావు?" అంటే చెప్పడానికి ఒక పేరు ఉండేది. అయిదింటినీ తీసుకెళ్ళి ఒకే సర్వర్‌లో పెట్టా, బ్యాకప్ లేకుండా. ఇంకొకళ్ళ కోడ్‌లో అయితే ఇలాంటి తప్పు వెంటనే పట్టేసేవాణ్ణి.

నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. అయినా ఆదివారం షటిల్ ఆట మానట్లేదు. ఆ గుంపులో నేనే కంపెనీయో ఎవరికీ తెలీదు, అడగరు కూడా.

మీ స్నేహితుల్లో ఎవరిదైనా ఉద్యోగం పోతే రెజ్యూమె అడగండి, నలుగురికీ పంపండి, తప్పకుండా చెయ్యాల్సిందే. దాంతోపాటు "రేపు పొద్దున ఏడింటికి పార్కు గేటు దగ్గర ఉంటా, వచ్చెయ్" అని కూడా చెప్పండి. ఎల్లుండి కూడా చెప్పండి. నాకు ఆ నాలుగు నెలల్లో ఎవరైనా ఆ మాట అనుంటే, ఆ పుస్తకం మిగతా సగం కూడా చదివేవాణ్ణేమో.